బిడ్డ ఎవరి దగ్గర ఉంది?

పట్టాలు అందుకుంటున్న పిల్లలకు అభినందనలు. ఆ గౌన్లలో ఉక్కపోత ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఎక్కువసేపు మాట్లాడను.

మీకు ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు గురించి చెప్పాలి. పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టిన తెలుగింటి ఆడపిల్ల. 15వ ఏట పెళ్లయింది. 18 ఏళ్లకే భర్త పోయారు. అప్పటికి ఒడిలో నాలుగు నెలల కూతురు. ఆ రోజుల్లో అలాంటి పిల్లకు లోకం ఏ మూల గది చూపించేదో ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ప్రిన్సిపాల్‌ని ఒప్పించి, పై నుంచి అనుమతి తెచ్చి, 1940లో కూతుర్ని ఆ కాలేజీలోనే చేర్చారు. మన దేశంలో ఇంజనీరింగ్ చదివిన తొలి మహిళల్లో ఆమె ఒకరు.

డాక్టరు చదువు కూడా ఆమె ఆలోచనలో ఉండేదట. వద్దనుకోవడానికి కారణం వినండి. డాక్టరంటే అర్ధరాత్రి కబురొచ్చినా లేచి వెళ్లాలి. చంటిపిల్ల ఉన్న తల్లికి అది కుదరదు. ఇంజనీరైతే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు. అందుకని ఇంజనీరింగ్!

నవ్వుతున్నారు కదా. నవ్వండి. మీలో సగం మందికి వచ్చిన ఉద్యోగాల్లో రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది. తెల్లవారుజామున రెండింటికి సర్వర్ పడిపోతే ఫోన్ మీకే వస్తుంది. అర్ధరాత్రి లేవక్కర్లేదని ఆవిడ ఎంచుకున్న వృత్తే ఇవాళ అర్ధరాత్రి లేపుతోంది. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పింది కూడా దాదాపు ఇదే. ఎప్పుడు పిలిచినా పలికేవాళ్లకే పెద్ద జీతాలిచ్చే ఉద్యోగాలున్నంత కాలం, బిడ్డ పుట్టగానే ఇంట్లో ఒకరు వెనక్కి తగ్గుతారు. ఆ ఒకరు ఎవరో మీకు తెలుసు. సంపన్న దేశాల్లో మొదటి కాన్పు నుంచే ఆడవాళ్ల జీతాలు మగవాళ్ల జీతాల కంటే వెనకబడటం మొదలవుతుందని ఆవిడ లెక్కలతో చూపించారు.

లలిత గారు సిమ్లాలో ప్రభుత్వ ఉద్యోగం చేశారు. తర్వాత కలకత్తాలో ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో దశాబ్దాల పాటు పనిచేశారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే వెళ్లి వచ్చారు. ఇలాంటి వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనం వెంటనే 'ఇంటినీ ఉద్యోగాన్నీ ఎంత చక్కగా సమన్వయం చేసుకున్నారో' అంటాం. నాకు ఆ మెప్పు నచ్చదు. అదేదో ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన గారడీ విద్య అన్నట్టుంటుంది.

నేను సబ్‌స్టేషన్లలో ఉద్యోగం చేసిన రోజుల్లో, తనిఖీకి ఎవరొచ్చినా నన్ను ఒక మాట అడిగేవారు: "పిల్లాణ్ణి ఎవరి దగ్గర వదిలొచ్చావమ్మా?" మా వారు కూడా ఉద్యోగస్తులే. రిటైరయ్యేదాకా ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. కానీ ఆలోచిస్తే అది మంచి ప్రశ్నే. ఒక్క తల్లినే అడగడంలోనే ఉంది అన్యాయం. లలిత గారి విషయంలో దానికి జవాబు దొరుకుతుంది. ఆమె చదువుకుంటున్నప్పుడు పుట్టింటివాళ్లు బిడ్డను చూసుకున్నారు. సిమ్లాలో ఒక సోదరుడి ఇల్లు, కలకత్తాలో మరో సోదరుడి ఇల్లు ఆసరా అయ్యాయి. మేనమామ పిల్లలతో కలిసి ఆ అమ్మాయి పెరిగింది. ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించిన వాళ్ల పేర్లు ఏ ఇంజనీరింగ్ చరిత్రలోనూ ఉండవు.

ఇప్పుడు ఆ ఇళ్లు లేవు. కొండాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు ఉంది. డాలస్‌లో అయితే అమ్మ ఆరు నెలలు, ఆవిడ వీసా గడువు అయిపోయాక అత్తగారు ఆరు నెలలు. అరవై దాటిన ఆ ఇద్దరూ చలికి వణుకుతూ మనవణ్ణి ఎత్తుకుంటే తప్ప మన పిల్లల కెరీర్లు సాగడం లేదు. ఇక్కడ హైదరాబాదులో వంటమనిషి వస్తుంది. ఆవిడ బిడ్డ ఎవరి దగ్గర ఉంది? మీకు చట్టం 26 వారాల జీతంతో సెలవు ఇస్తుంది. ఆవిడకు తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద వచ్చేది 5,000 రూపాయలు.

ఆ 26 వారాల గురించి కూడా ఒక మాట. 2017లో చట్టాన్ని సవరించి 12 వారాలను 26 చేశారు. మంచి పనే. కానీ ఈఎస్ఐ కిందికి రానివాళ్ల విషయంలో ఆ జీతం భారమంతా యజమాని మీదే పడింది. దాంతో కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఇంటర్వ్యూకి వస్తే మనసులో వేళ్లు లెక్కపెట్టేవాళ్లు తయారయ్యారు. తండ్రికేమో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగంలో సెలవు ఇచ్చి తీరాలనే చట్టమే లేదు. బిడ్డ తల్లిది మాత్రమేనని చట్టమే చెబుతుంటే, ఆఫీసు వేరేగా ఎందుకు అనుకుంటుంది? 2024 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టేవాళ్ల సగటే. అసలు పెట్టనివాళ్లు ఆ లెక్కలోకే రారు.

అమ్మాయిలూ, రేపు మీకో లెక్క ఎదురవుతుంది. డేకేర్‌కి, ఆయమ్మకి, ఆటోకి కలిపితే 'నా జీతమంతా దీనికే పోతోంది, మానేస్తే పోలా' అనిపిస్తుంది. చాలామంది మానేసేది అక్కడే. ఆ ఖర్చును మీ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నారు? బిడ్డకు ఇద్దరు కదా అమ్మానాన్నలు! ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి తీసి చూడండి. అప్పటికీ మానేయాలనిపిస్తే అది మీ ఇష్టం. బిడ్డతో ఇంట్లో ఉండాలనుకునే తల్లిని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కానీ తప్పుడు కూడికతో మాత్రం మానేయకండి.

అబ్బాయిలూ, మీ ఆఫర్ లెటర్లో బోనస్ ఎంతో చూసుకున్నారు. తండ్రికి సెలవు ఎన్ని రోజులో ఎంతమంది చూశారు? ఇంటర్వ్యూలో మీరూ అడగండి. అమ్మాయి ఒక్కతే అడిగితే అది ఆమె బలహీనత కింద జమ కడతారు. పదిమంది మగపిల్లలు అడిగితే కంపెనీ పాలసీ రాస్తుంది. ఇచ్చిన సెలవు ఒక్కరోజు కూడా మిగల్చకుండా వాడుకోండి. 'మా ఆవిడకు సాయం చేస్తున్నా' అని మాత్రం ఎవరితోనూ అనకండి. మీ బిడ్డను మీరు పెంచుకోవడం ఎవరికీ సాయం కాదు.

పదేళ్లలో మీలో కొందరు మేనేజర్లవుతారు, కొందరు కంపెనీలు పెడతారు. 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని చట్టం ఉంది. రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావడానికి తల్లికి వెసులుబాటు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. వచ్చే నెల ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, పెళ్లయినా కాకపోయినా, ఆడైనా మగైనా, ఆ క్రెష్ గది ఎక్కడుందో చూపించమని హెచ్ఆర్ వాళ్లని అడగండి. లేదంటే ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పమనండి.