భోజనపు కండువా



నేడు నేను మాటాడబూనిన విషయము మీలో కొందరికి మిక్కిలి అల్పముగా తోచవచ్చును. భోజనము చేయునప్పుడు కట్టుబట్ట తడియకుండ ఎదపై వేసికొను గుడ్డను ఎట్లు కుట్టవలెనన్నదే ఆ విషయము. రాజ్యములను గూర్చియు, కావ్యములను గూర్చియు ప్రసంగములు సాగు ఈ చోట ఒక గుడ్డముక్కను గూర్చి చెప్పుట యేమని మీరడుగవచ్చును. అయితే ఒక మనుష్యుడు పదిమందితో కూర్చుండి, తన చేతితో తాను అన్నము తినగలుగుట అల్పవిషయము కాదు. ఆ శక్తి సడలినవారికిని, ఆ శక్తి ఇంకను రాని పసివారికిని ఈ గుడ్డ తోడుపడును. కావున కొన్ని నిమిషములు దీనికై వెచ్చించుట అపరాధము కాదని నమ్ముచున్నాను.

మాది హిందూపురమునకు సమీపమున, జయమంగళీనది పారు పరిగి ప్రాంతము. అనంతపురము జిల్లాలో నుండిన మా ఊరు 2022వ సంవత్సరమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిదైనది. మా వైపు పసిబిడ్డల మెడకు కట్టు గుడ్డను జొల్లుగుడ్డ యందురు. ఎల్లకవతలి కన్నడిగులకును జొల్లనిన జొల్లే. కోస్తా జిల్లాలవారు దానినే చొంగ యందురు. పేరేదైనను, అది బిడ్డలకు ముద్దు, పెద్దలకు సిగ్గు. ఈ భేదమును మరచి కుట్టిన గుడ్డ ఎంత మంచిదైనను పెట్టెలోనే యుండిపోవును.

మాది రాగిసంగటి తిను సీమ. సంగటిముద్ద గట్టిది, అది జారి మీద పడదు. దానికి తోడైన పులుసు, పప్పుచారు, చివర పోసికొను మజ్జిగ, ఇవి జారునవి. నేలపై కూర్చుండి, తట్ట ముందుంచుకొని, వంగి తినువానికి నోటికిని తట్టకును నడుమ దూరము స్వల్పము. జారిన చుక్క మరల తట్టలోనే పడును. కుర్చీలో చేరగిలి కూర్చున్న రోగికి ఆ దూరము హెచ్చు. అప్పుడు చుక్క పడుటకు ఎదయు ఒడియు తప్ప వేరు చోటు లేదు.

మా మేనత్తకు పక్షవాతము వచ్చి కుడిచేయి చచ్చుబడినది. ఆమె ఎడమచేతితో చెంచా పట్టుట నేర్చుకొన్నది. ఎడమచేతితో అన్నము తినుటయే మనవారికి చిన్నతనము. ఆ చిన్నతనమును ఆమె దిగమ్రింగినది గాని, తడిసిన రవికెను సహింపలేకపోయినది. దినమునకు మూడు మారులు రవికె మార్చవలసివచ్చెడిది. పట్టు తప్పిన భుజమును లాగరాదని వైద్యులు చెప్పుదురు. లాగక రవికె తీయుట ఎంత కష్టమో చేసినవారికే తెలియును. కొన్నాళ్లకు ఆమె చారు వలదనెను. పిదప మజ్జిగ వలదనెను. తుదకు నీళ్లును తగ్గించెను. దాహము లేక కాదు. బట్ట తడియునను భయముచేత. మా సీమ వేసవిలో నీళ్లు తగ్గించుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. ఉగాదినాడు ఓళిగలు వడ్డించి పిలిచినను ఆమె పంక్తికి రాలేదు. ఇంటివారు బిడ్డల గుడ్డవంటిదానినే పెద్దదిగా కుట్టించి మెడకు కట్టబోగా, “నేనేమన్నా సంటిబిడ్డనా నాయనా? యా మొగం పెట్టుకోని పదిమందిలో కూసుందును?” అనెను.

ఆ ప్రశ్నను విన్న పిమ్మట, ఈ గుడ్డకు నాలుగు గుణము లుండవలెనని నిశ్చయించుకొంటిని. తడి లోపలి బట్టకు పోరాదు. పడినది జారి ఒడిలోనికి దిగరాదు. తినువారు ఒక్క చేతితో తామే వేసికొని, తామే తీసికొనగలుగవలెను. చూచువారికి అది రోగి గుడ్డగా కనబడరాదు. ఈ నాలుగింటిలో ఏ యొకటి తప్పినను తక్కిన మూడును వ్యర్థమే.

మొదటి గుణమును గూర్చి ముందు విచారింతము. తడిని ఆపు గుడ్డ యనగానే చాలమందికి రబ్బరు షీటు జ్ఞప్తికి వచ్చును. రబ్బరు నీటిని లోనికి పోనీయదు, నిజమే. కాని అది నీటిని పీల్చదు కూడ. దానిపై పడిన చారు క్షణములో జారి ఒడిని చేరును. నూలుతువాలు ఇందుకు విరుద్ధము. అది చక్కగా పీల్చును గాని, నిండినంతనే వెనుకనున్న రవికెకు తడిని అందించును. కాబట్టి పీల్చునది పైన, ఆపునది నడుమ, ఒంటికి మెత్తనిది అడుగున, ఈ విధముగ మూడు పొరలు కావలెను.

పై పొరకు ఏ బట్ట మేలు? గాలిలోని తేమను నూలు సాధారణముగ తన తూకములో నూటికి సుమారు ఎనిమిదిన్నర పాళ్లు పట్టియుంచుకొనును. పాలియెస్టరు పట్టునది నూటికి అరపాలైనను కాదు. నూలుపోగు స్వభావముననే నీటికి చుట్టము. అందులోను టర్కీ తువాలు మేలు. దానిమీది దారపు ఉచ్చులు ఒక్కొక్కటియు ఒక్కొక్క చిన్న తూమువలె చుక్కను లోనికి లాగుకొనును. అయితే అంగడినుండి తెచ్చిన క్రొత్త తువాలు వెంటనే పీల్చదు. నూలు పోగుపై సహజముగ కొంత మైనము వంటి పదార్థ ముండును. మిల్లులో వేసిన పూతలును మిగిలియుండవచ్చును. నాలుగైదు మారులు సబ్బునీట ఉతికిన పిదపనే అది పనికి వచ్చును. గంజి పెట్టరాదు. బట్టలు మెత్తబడుటకని నేడు అమ్ముచున్న ద్రవములును వేయరాదు. అవి పోగుపై పూతగ నిలిచి పీల్చు గుణమును తగ్గించును. మీకు సందేహమున్నచో ఒక పాత తువాలును, ఒక క్రొత్త తువాలును ఏటవాలుగ పట్టి, చెరియొక చెంచా నీరు పోసి చూడుడు. ఏది మ్రింగునో, ఏది జార్చునో మీ కన్నులే చెప్పును.

నడిమి పొరకు వానకోటు కుట్టు పలుచని బట్ట చాలును. అడుగు పొరకు పాత ధోవతి గాని, మెత్తని నూలుచీర గాని తగినది. ఆ పొర లేనిచో వేసవిలో ఒంటికి చెమట పట్టి, చారు చేయని పనిని చెమటయే చేయును.

ఇక్కడ దర్జీలు గమనింపవలసిన రహస్య మొకటి కలదు. మూడు పొరలను ఒకే అంచున చేర్చి కుట్టినచో, నీరు నడిమి పొరను దాటలేకపోయినను, అంచుచుట్టు తిరిగి పైనూలునుండి అడుగునూలునకు ప్రాకును. దీపపు వత్తి నూనెను పైకి లాగు విధమే యిది. కావున నడిమి పొర అంచువరకు ఉండవలెను. పైపొరయు, అడుగుపొరయు అంచునకు బొటనవ్రేలి వెడల్పంత లోపలనే ఆగిపోవలెను. నడిమి భాగమున అందమునకై అడ్డకుట్లు వేయరాదు; ప్రతి సూదిరంధ్రమును ఒక కారుదారియే.

రెండవ గుణము, జారినదానిని పట్టుట. గుడ్డ అడుగుభాగమును నాలుగు అంగుళములు పైకి మడిచి, రెండు ప్రక్కల మాత్రమే కుట్టినచో సంచి యేర్పడును. అడుగున కుట్టు లేదు, మడత మాత్రమే, అందుచే కారదు. అయితే ఆ సంచి నోరు మూసికొనియున్నచో లాభము లేదు. దాని పై అంచులో లావుపాటి నూలుత్రాడును దూర్చి కుట్టవలెను. త్రాటి బిగువుచేత నోరు తెరచుకొనియుండును. మా మేనత్తకు ముప్పది అంగుళముల పొడవు, పదునెనిమిది అంగుళముల వెడల్పు సరిపోయినవి. మీ ఇంటివారికి మీరే కొలత తీసికొనవలెను. నిలువబెట్టి కాదు, తినునప్పుడు కూర్చుండు రీతిని కుర్చీలో కూర్చుండబెట్టి, గొంతుక్రింది గుంటనుండి ఒడి నడిమివరకు కొలువుడు; మడతకు నాలుగంగుళములు కలుపుడు. సంచి ఒడిపై ఆనియున్నచో బరువు మెడపై పడదు. గుడ్డ కొనను కొందరు తట్టక్రింద దోపుదురు. అట్లు చేయరాదు, తినువారు వెనుకకు వాలినంతనే తట్టయు వెంట వచ్చును.

మూడవది, ఒక్క చేతి పని. మెడవెనుక ముడివేయు త్రాళ్లు రోగి చేతికందవు. పైగా అవి ఉరివంటివి. కావున గుడ్డకు ఒక ప్రక్కనుండి వెడల్పైన పట్టీని పెంచి, మెడవెనుకగ త్రిప్పి, రెండవ ప్రక్క కంటియెముకపై ముందువైపుననే అతికించుట మేలు. ఎడమచేయి బాగున్నవారికి కుడిభుజము ముందుభాగము సులభముగ అందును. అతికించుటకు వెల్క్రో చాలును. అది గట్టిగ లాగినచో ఊడివచ్చును. అదే దాని గుణము. గొంతునకును పట్టీకిని నడుమ రెండు వ్రేళ్లు దూరునంత సందుండవలెను.

ఈ చిన్నగుడ్డలో మూడు దేశముల నేర్పు కలిసియుండుట చిత్రము. నీరు దూరని బట్టకు గ్లాస్గో నగరపు చార్లెస్ మకింటాష్ 1823లో హక్కు పొందెను. తురుష్కుల తువాలును యంత్రముపై నేయు ఉపాయము 1850 ప్రాంతమున ఇంగ్లండున వెలసెను. వెల్క్రోను స్విట్జర్లండు దేశపు ఇంజనీరు జార్జి డి మెస్ట్రాల్ కనిపెట్టెను. వేటకు పోయినప్పుడు తన కుక్క బొచ్చునకు అంటుకొన్న ముండ్లకాయలను చూచి అతడా యూహ చేసెనందురు. 1955లో హక్కు పొందెను. ఈ మూడింటిని చేర్చి కుట్టుటకు మా పరిగిలోని దర్జీకి ఒక పూట పట్టినది.

నాలుగవ గుణమే అన్నిటికన్న కష్టమైనది. గుడ్డ గుడ్డవలె కనబడరాదు. పురుషుడు భుజముపై కండువా వేసికొనుట మన దేశమున గౌరవము. కావున పురుషునకు అంచుగల కండువావలెను, స్త్రీకి ఆమె కట్టు చీరల రంగున, జరీ లేని నూలు అంచుతోను కుట్టించితిమి. ధర్మవరము పట్టుచీరలకు నెలవైన సీమ మాది; అంచును ఎన్నుకొనుటలో ఇక్కడి స్త్రీల కన్ను తప్పదు. మా మేనత్త అంచును తానే యెన్నుకొన్నది. దానికి మేము జొల్లుగుడ్డ యను పేరు పెట్టలేదు, భోజనపు కండువా యనుచున్నాము. దానిని వేసికొనిన కొలది దినములకే చారు మరల తట్టలోనికి వచ్చెను, మజ్జిగయు వచ్చెను. ఇప్పుడామె బంధువులు వచ్చినప్పుడును గదిలోనికి పోవక అందరితో కూడ కూర్చుండుచున్నది.

రంగును గూర్చి మరియొక మాట. తెల్లబట్టపై పసుపు మరక దాగదు. సబ్బు తగిలినంతనే అది ఎర్రబడి మరింత కనబడును. కావిరంగు గాని, ముదురు గళ్లు గాని మేలు. అయినను పడిన పసుపు మరక యెండలో క్రమముగ వెలిసిపోవును. తాళింపునూనె పీల్చు గుణమును చెరచును గనుక పైపొరను వేడినీట ఉతుకవలెను. అయితే మరిగిన నీరు నడిమి పొర పూతను పాడుచేయును. అందుచే పైపొరను బొత్తాములతో విడదీయుటకు వీలుగ కుట్టించుట మంచిది. పైపొరలు ఆరు, అడుగుగుడ్డలు రెండు ఉన్నచో ఒక ఇంటికి చాలును. పైపొరను ఎండలో, అడుగుగుడ్డను నీడలో ఆరవేయుడు.

పసిబిడ్డలకు ఆరవ నెల నిండి అన్నము మొదలుపెట్టినప్పుడు ఇదే పద్ధతిని చిన్నదిగా చేయవచ్చును. అయితే వారి గుడ్డకు బొత్తాములు వలదు. ఊడిన బొత్తాము బిడ్డ నోటిలోనికి పోవును. త్రాళ్లు అసలే వలదు. తినుట ముగిసినంతనే తీసివేయవలెను. మెడకు గుడ్డ యుండగా బిడ్డను ఎన్నడును పండుకొనబెట్టరాదు.

మరియొక హెచ్చరిక చేయక విరమింపరాదు. కండువా బట్టను కాపాడును గాని, గొంతును కాపాడలేదు. పక్షవాతము వచ్చినవారు గాని, 1817లో జేమ్స్ పార్కిన్‌సన్ వర్ణించిన వణుకువ్యాధి గలవారు గాని, తినునప్పుడు తరచుగ పొలమారి దగ్గుచున్నచో, లేక మ్రింగిన పిమ్మట గొంతు గరగరలాడుచున్నచో, వెంటనే వైద్యునకు చూపవలెను. గట్టి ముద్దకన్న పలుచని నీరే అట్టివారికి శ్వాసనాళములోనికి పోవుట సులభము. నిటారుగ కూర్చుండి తినవలెను; తినిన పిదప అరగంటసేపు పండుకొనరాదు.

కొంద రనవచ్చును: “ఇంత శ్రమ యేల? ఇంటివా రెవరైన తినిపింపరాదా?” అని. తినిపింపవచ్చును, ప్రేమతోడనే తినిపింతురు. కాని తనకు కావలసిన ముద్ద తానే కలుపుకొని, తనకు తోచినప్పుడు చాలుననుటలో ఒక స్వాతంత్ర్యము కలదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. అది ఇరువదియొక్క విధముల వైకల్యములను పేర్కొని, గౌరవముతో బ్రదుకుటను వారి హక్కుగ చెప్పినది. ఆ హక్కు న్యాయస్థానములలో నిలుచుట ఎంత అవసరమో, మన వంటయింటి గడపలో నిలుచుటయు అంత అవసరము.

మీ ఇంట పాత తువాలు తప్పక యుండును; మీ ఊర దర్జీయు నుండును. కత్తెర పెట్టుటకు ముందు మాత్రము, అది ఎవరికొరకు కుట్టుచున్నారో వారినే పిలిచి, ఏ రంగు కావలెనని యడుగుడు.