నీలాపనింద – అపరాధ పరిశోధన కథలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభయనగానే కావ్యప్రశంసయో పురాణప్రశంసయో వినవచ్చునని మీరు తలచియుందురు. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళల నిఘంటువును ప్రక్కన బెట్టుకొని నాలుగు గ్రంథములు చదివికొన్నవాడను. అయినను నేడు నేను మాటలాడదలచినది డిటెక్టివు కథలను గూర్చి. పెద్దలు నవ్వుకొనినను సరే.

కారణము కలదు. మన గ్రంథాలయమున బీరువాలు నిండినవి. క్రొత్త పుస్తకములకు చోటు చేయుటకై పాతవానిలో వేనిని తీసివేయవలెనను మాట వచ్చినపుడు, అందరి వ్రేళ్లును అపరాధ పరిశోధన నవలలున్న అరనే చూపినవి. అవి వట్టి కాలక్షేపపు పుస్తకములనియు, పిల్లలను చెడగొట్టుననియు కొందరు సెలవిచ్చిరి. వారియెడ నాకు గౌరవము కలదు. కాని వృత్తిధర్మము చొప్పున నేను పుస్తకములిచ్చు రిజిస్టరు విప్పి చూచితిని. ఆ అరలోని పుస్తకములంతగా చేతులు మారినవి మరి లేవు. అట్టలూడి, దారములు తెగి, పుటలంచులు నల్లబడి యున్నవి. పురాణముల అట్టలు మాత్రము చెక్కుచెదరక మెరయుచున్నవి. ఇది పురాణములకు కీర్తియో అపకీర్తియో మీరే నిర్ణయింపుడు.

నేరములను గూర్చి చదువుటకు మనుష్యునకేల ఇంత యాసక్తి? తరువాత నేమి జరుగునను కుతూహలమే కారణమందురు. అదొక్కటే అయినచో, హంతకుడెవరో తెలిసిన పుస్తకమును మరల నెవ్వరును ముట్టరాదు. షెర్లాకు హోమ్సు కథలను పదిసార్లు చదివినవారిని నేనెరుగుదును. నాకు తోచినది చెప్పెదను. ఒక యింట హత్య జరిగినదనగా ఆ యింటనున్న పదుగురిమీదను అనుమానము పడును. నేరస్థుడొక్కడు, నిందమోయువారు తొమ్మండుగురు. ఆ తొమ్మండుగురిని విడిపించుటయే ఈ కథలలోని అసలు పని.

ఇది సీమనుండి వచ్చిన క్రొత్త సంగతి గాదు. ఏటేట భాద్రపద శుద్ధ చవితినాడు చేత అక్షతలు పట్టుకొని మనము వినుచున్న కథ యేది? శమంతకోపాఖ్యానము. మన బమ్మెర పోతనామాత్యుడు భాగవత దశమస్కంధమున దానిని తెనిగించినాడు. సత్రాజిత్తునొద్ద మణి యున్నది. కృష్ణుడు దానినడిగెను, అతడీయలేదు. తమ్ముడు ప్రసేనుడు దానిని ధరించి వేటకు పోయి తిరిగి రాలేదు. అడిగినవాడు కృష్ణుడు గనుక చంపినవాడును కృష్ణుడే యని సత్రాజిత్తు తలచెను. ఆ మాట చెవినుండి చెవికి ప్రాకెను.

అపుడు కృష్ణుడేమి చేసెను? చక్రమును ప్రయోగింపలేదు. ప్రమాణము చేయలేదు. పౌరులను వెంటబెట్టుకొని అడవికి పోయెను. మొదట ప్రసేనుని కళేబరము, చచ్చిన గుర్రము కనబడినవి. అచటినుండి సింహపు అడుగుజాడలు. కొంతదూరమున సింహపు కళేబరము. అచటినుండి భల్లూకపు గుహ. గుహలో జాంబవంతుని బిడ్డ ఆ మణితో ఆడుకొనుచున్నది. పౌరులను వెంటదీసికొని పోవుటలోని నేర్పును గమనింపుడు. తాను చూచినదానిని నలుగురును చూడవలెను. లేనిచో నింద పోదు. పరమాత్మకే యింత ప్రయాస తప్పలేదు!

వేటకాడు నెత్తుటి బొట్లను బట్టి లేడి పోయిన జాడ కనుగొనినట్లు, రాజు అనుమానప్రమాణముచే ధర్మము జాడ కనుగొనవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున నున్నది. ఇచట అనుమానమనగా శంక గాదు. గుర్తును బట్టి ఊహించుట. శంకకును ఊహకును గల ఈ భేదమునే డిటెక్టివు కథలు మనకు నేర్పుచున్నవి.

గుర్తులు కూడ మోసగించును. శూద్రకుని మృచ్ఛకటికము తొమ్మిదవ అంకమున చారుదత్తుని విచారణ చదువుడు. వసంతసేనను గొంతుపిసికినవాడు రాజుగారి బావమరది శకారుడు. ఆమె చచ్చెననుకొని, ఫిర్యాదు చేసినవాడును వాడే. ఆమె నగలు చారుదత్తుని మిత్రుని వస్త్రమునుండి సభలోనే జారిపడినవి. తోటలో మృగములు పీకుకొని తినిన యొక స్త్రీ శవమును చూచివచ్చితినని తలారి చెప్పెను. ఆ శవము వేరొకతెదని విచారించిన వారు లేరు. న్యాయాధికారికి చారుదత్తునిపై జాలియున్నను సాక్ష్యమెదుట ఏమియు చేయలేకపోయెను. వసంతసేనయే ప్రాణములతో వధ్యస్థానమునకు రాకున్నచో ఆ సాధువు తల తెగవలసినదే. ఆ సభలో లేనివాడు ఒక పరిశోధకుడు.

ఆ పరిశోధకుని కథానాయకునిగా నిలిపినవాడు అమెరికా రచయిత ఎడ్గారు ఆలన్ పో, 1841లో. తరువాత ఆర్థరు కానన్ డాయలు 1887లో షెర్లాకు హోమ్సును సృష్టించెను. ఎడింబరో వైద్యకళాశాలలో తన గురువైన జోసెఫ్ బెల్లు, రోగిని చూడగానే వాని వృత్తిని చెప్పగలుగుట ఆయనకు మాదిరియైనది. 1893లో విసుగు పుట్టి హోమ్సును జలపాతమున పడవేసినను పాఠకులు ఊరకుండలేదు. 1903లో మరల బ్రతికింపవలసి వచ్చెను. అగాథా క్రిస్టీ సృష్టియైన పొయిరో 1975లో తుది నవలలో మరణించినపుడు న్యూయార్కు టైమ్సు పత్రిక నిజమైన మనుష్యునకువలె మొదటి పుటలో మరణవార్త ప్రకటించెను.

డాయలు చేసిన మరియొక పని మనవారు పెక్కురు ఎరుగరు. పార్సీ కుటుంబమున బుట్టి, క్రైస్తవుడై, ఇంగ్లండులోనొక గ్రామమున మతగురువుగా నున్న షాపుర్జీ ఎడల్జీ యనునాయనకు జార్జి యను కుమారుడుండెను, న్యాయవాది. 1903లో ఆ యూరి పశువులను రాత్రివేళ ఎవరో కోసి చంపుచుండగా నింద ఇతనిపై పడెను. ఏడేండ్ల శిక్ష విధించిరి. మూడేండ్లకు విడిచిరి గాని నింద తొలగలేదు. డాయలు అతనిని కలిసికొనుటకు ఒక హోటలునకు పోగా, అతడు వార్తాపత్రికను కంటికి మిక్కిలి దగ్గరగా, ప్రక్కకు త్రిప్పి చదువుచుండెను. అంత చూపు తక్కువవాడు చీకటిలో పొలములు, రైలుపట్టాలు దాటి ఆ ఘోరము చేయగలడా? 1907లో డాయలు ఆ ప్రశ్ననే పత్రికలకెక్కించెను. ప్రభుత్వము పశుహింస విషయమున క్షమాపణ నిచ్చెను, నష్టపరిహారము మాత్రమీయలేదు. ఆ యేడే ఇంగ్లండులో క్రిమినలు అప్పీళ్ల న్యాయస్థానమును ఏర్పరచుటకు ఈ యుదంతము ఒక కారణమైనది. కథలు వ్రాసిన చేతితోనే ఒక మనుష్యుని నింద తుడిచినవాడు డాయలు.

వంగభాషలో శరదిందు బందోపాధ్యాయుడు 1932లో వ్యోమకేశుని సృష్టించెను. డిటెక్టివు అనిపించుకొనుట వానికిష్టము లేదు, సత్యాన్వేషి యనవలెను. తెలుగున కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుడును, సహాయకుడు రాజును అద్దెపుస్తకముల దుకాణములనుండి ఇంటింటికి నడచివచ్చిరి. యుగంధరుడనగానే నాకు వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయ నాటకములోని మన ఓరుగంటి మంత్రి జ్ఞప్తికి వచ్చును.

మా చిన్ననాట ఉంగరము పోయినచో అంజనము వేయించెడివారు. మంత్రించిన బియ్యము నమిలించెడివారు. భయముచే ఎవని నోరెండునో వాడు దొంగ! పనిమనిషి నోరే ముందెండునని వేరుగ చెప్పవలెనా? యుగంధరుని కథ చదివిన కుర్రవాడు "ఆ వేళ ఆమె ఎక్కడనున్నది? చూచినవారెవరు?" అని యడుగును. ఇది చెడిపోవుటయైనచో నలుగురు పిల్లలు చెడిపోవుట మంచిదే.

మన కాళేశ్వరమున ఒకే పానవట్టముపై యముడును ముక్తేశ్వరుడును వెలసినారు. యముని కొలువున చిత్రగుప్తుడు మా లెక్కలవారికి మూలపురుషుడు. ఆయన పుస్తకమున తప్పు లేదు, సాక్షితో పనిలేదు. మనకా పుస్తకము దొరకదు గనుక జాడలు వెదకుకొనవలసినదే.

ఆ అరలోనివన్నియు రత్నములని నేననను. కడపటి ప్రకరణమువరకు కనబడని వానిని తెచ్చి హంతకుడనునవి, తన్ని ఒప్పించునవి, అట్టపై బొమ్మకొరకే వ్రాసినవి కలవు. వానిని నిరభ్యంతరముగ తీసివేయుడు. పరిశోధకుడు చూచిన గుర్తులన్నియు పాఠకునికిని చూపినవానిని మాత్రముంచుడు. వాని ప్రక్కనే మృచ్ఛకటిక మొకటి పెట్టుడు, చేతికి తగులును.

మరియొక విన్నపము. ఆ యరలో నొక నవలకు చివరి రెండు పుటలు లేవు. ఎవరిని గూర్చియు నాకు శంక లేదు. ఎవరి యింటనైన నున్నచో రాత్రివేళ గ్రంథాలయపు తలుపు క్రిందనుండి లోనికి త్రోయవలెను. హంతకుడెవరో తెలియక మేము నలుగురము ఆరు నెలలనుండి ఎదురుచూచుచున్నాము.