శక్తి ఎవరిది?



హిప్నాటిజం అంటే మనకు ముందు స్టేజీయే గుర్తొస్తుంది. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారి ప్రదర్శనలు చూసినవాళ్లు మీలోనూ ఉంటారు. స్టేజీ తీరే అంత, శక్తంతా చేసేవాడి చూపులో ఉందనిపిస్తుంది. నేను చెప్పవచ్చిందల్లా, ఆ శక్తి ఎదుట కూచున్నవాడిదేనని.

1841లో మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్, హిప్నాటిజానికి పాత రూపమైన మెస్మరిజం ప్రదర్శనకు వెళ్లాడు, మోసం బయటపెడదామనే. తీరా చూస్తే మెస్మరిజానికి లోనైన మనిషి కనురెప్పలు నిజంగానే విడివడడం లేదు. ఇంటికొచ్చి, ఒక స్నేహితుణ్ణి కూచోబెట్టి, కళ్లు పైకెత్తి సీసా మూతినే చూడమన్నాడు. మూడు నిమిషాల్లో కళ్లు మూతపడ్డాయి. చేతులు తిప్పలేదు, మంత్రం చదవలేదు. సీసా చాలింది!

ఇప్పటి క్లినిక్కులోనూ దాదాపు ఇంతే. గోడ మీద ఒక చుక్క, నెమ్మదైన మాట. ‘చెయ్యి తేలికవుతోంది, దానంతటదే లేస్తోంది’ అంటే కొందరికి లేస్తుంది, కొందరికి లేవదు. చెయ్యి లేచినవాడు నిద్రలో ఏమీ లేడు. బయట ఆటో హారను వింటూనే ఉంటాడు, కావాలంటే కళ్లు తెరిచి వెళ్లిపోగలడు. బాగా లోనయ్యేవాళ్లు నూటికి పది, పదిహేను మంది. నొప్పికీ, ఆపరేషన్ ముందటి భయానికీ ఇది పనికొస్తుంది. సిగరెట్ మాన్పిస్తామనే బోర్డులను మాత్రం నేను అంతగా నమ్మను.

నొప్పికి దీన్ని వాడడం కొత్తేమీ కాదు. బెంగాల్‌లోని హుగ్లీలో 1845లో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే సర్జన్ బుడ్డతో బాధపడే ఒక ఖైదీతో మొదలుపెట్టి, మెస్మరిజంతోనే నొప్పి తెలియకుండా పెద్దపెద్ద కణుతులు కోశాడు. వద్దనే వీలు ఖైదీకి ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి. 1847లో క్లోరోఫాం వచ్చాక ఆ పద్ధతి వెనకబడింది.

ఇక మన నల్లగొండ జిల్లా చెర్వుగట్టు. అమావాస్య రాత్రి జడల రామలింగేశ్వరుడి దగ్గర నిద్ర చేయడానికి ఎన్ని ఊళ్ల జనం వస్తారో మీకు తెలుసు. డప్పు ఊపందుకున్నాక జుట్టు విరబోసుకుని ఊగే మనిషిని దగ్గరనుంచి చూడండి. చూపు ఒకచోట నిలుస్తుంది, పక్కనవాళ్లు పిలిచినా మనిషి పలకదు, అడిగేవాడు అడిగితే మాత్రం జవాబిస్తుంది. పూనకమూ హిప్నాసిస్సూ ఒకటేనని అనను. కానీ దినుసులు చాలావరకు అవే: నమ్మకం, లయ, ఒక గొంతు, ఏదో జరగబోతోందన్న ఎదురుచూపు. తెల్లారి తేలికపడి గట్టు దిగేవాళ్లను వెక్కిరించే హక్కు మనకు లేదు.

మాటను నమ్మే అదే గుణం బాణామతి అనే చేతబడి నమ్మకంలో విషమవుతుంది. ‘నీకెవరో చేశారు’ అన్న ఒక్క మాట చాలు. తిండి సయించదు, కాళ్లు లేవవు. మాట అన్నవాడు ఇంటికి పోతాడు, అనుమానం మాత్రం ఏ ముసలమ్మ గుమ్మంలోనో వాలుతుంది. అట్లా పళ్లు ఊడబీకిన ఘటనలు మన తెలంగాణలోనే జరిగాయి.

అందుకే క్లినిక్కుకు వెళ్లేవాళ్లకు ఒక మాట. చేసేవాడు డాక్టరో, చదువుకున్న సైకాలజిస్టో అవునా కాదా అడగండి. ఫిట్సు మాత్రలు మానేయమంటే లేచి వచ్చేయండి. పూర్వజన్మ చూపిస్తానంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి. హిప్నాసిస్ స్థితిలో మనసు అడిగినవాటిని కల్పించి ఇవ్వగలదు, ఇచ్చినవాటిని నిజమనే నమ్మగలదు.