చిన్నకమతమునకు తగిన పశుజాతి

రైతులారా! పశువును కొనునపుడు దాని రూపమును జూచుటకు ముందు మీ గడ్డివామిని జూచుకొనవలెను. ఒంగోలు ఎద్దు భారీకాయము గలది; బరువు లాగుటకును, లోతు దుక్కికిని మిక్కిలి యోగ్యము. కాని మేత చాలనిచో ఆ బలము నిలువదు. అప్పుచేసి కొన్న జోడు దుక్కినాటికి చతికిలబడినచో ఆ యేటి సేద్యమే చెడును.

బీదరు, లాతూరు ప్రాంతములందలి దేవణి ఆవు ఇంటికి పాలును, కాడికి కోడెలను గూడ నిచ్చును. నల్లమల యంచున అమరాబాదు ప్రాంతపు పొడతూర్పు పశువులు అడవిమేతపై బ్రతుకుచు ఎండకును, రాళ్లనేలకును ఓర్చును. 2020లో నిది ప్రత్యేకజాతిగా గుర్తింపబడినది.

కొనుటకు ముందు పండ్లు, గిట్టలు పరీక్షించి, కాడి గట్టి నడిపించి చూడుడు. మందకు అదే జాతి మేలైన ఆబోతును నిలిపి, నాసి కోడెలకు విత్తులు నొక్కించుడు. లేనిచో కొలది తరములలోనే జాతి చెడును.