ఏ.సి. పెట్టె ఎక్కడ బిగించాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా చెప్పగల వక్తలు ఇదివరకే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చి, ఏదైనా ఉపయోగపడే విషయం చెప్పమన్నారు. ఏ.సి. గురించి చెబుతానంటే నవ్వారు. విజయవాడ ఎండల్లో మన వయసువాళ్ళకు అది విలాసం కాదు. ఈ హాల్లో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. కనుక కాస్త ఓపిక పట్టండి.

నేను పనిచేసిన రోజుల్లో మా ఆఫీసు మొత్తానికి ఏ.సి. ఒక్కటే, అదీ ఇంజనీరుగారి గది కిటికీలో. మాకు మాత్రం కాగితాలను ఎగరగొట్టే ఫ్యాను. ఆ కిటికీ ఏ.సి. పాడైతే మెకానిక్కు గదిలోనే నిలబడి, దాన్ని లోపలికి లాగి, నేలమీద పెట్టుకుని బాగుచేసేవాడు. ఇప్పటి స్ప్లిట్ ఏ.సి.లో కంప్రెసరు, దాని ఫ్యాను, గ్యాసు వాల్వులు గోడ బయటి పెట్టెలో ఉంటాయి. కనుక మనిషి కూడా గోడ బయటికే వెళ్ళాలి. చోటు చూపించేది మనం, ఒక్క నిమిషంలో. అక్కడ నిలబడవలసినది అతను, ఆ ఏ.సి. ఉన్నన్నాళ్ళూ.

2016 వేసవిలో మా మూడో అంతస్తు ఫ్లాటులో ఏ.సి. పెట్టించాం. బాల్కనీలో పెడితే వేడిగాలి తులసికుండీకి కొడుతుందని మా ఆవిడ అంది. ముందువైపు పెట్టెలు కనిపిస్తే బిల్డింగు అందం చెడుతుందని అపార్టుమెంటు సంఘంవారి నోటీసు ఎలాగూ ఉంది. పైగా రాగిగొట్టం మూడు మీటర్లు దాటితే మీటరుకింతని అదనం. లెక్కలు వేయడం మన వృత్తి కదా! వెనక పడకగది కిటికీ కింద, రెండో అంతస్తువారి సన్‌షేడ్ చూపించి "అక్కడ పెట్టు బాబూ" అన్నాను. గొట్టం డబ్బు మిగిలిందని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

2023 మే నెలలో గ్యాసు తగ్గి చల్లదనం పోయింది. సర్వీసు సెంటరువారు ఒక్క కుర్రాణ్ణి పంపారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కిటికీలోంచి తొంగిచూసి, చెప్పులు విప్పి, "తాతగారూ, తాడేమైనా ఉందా?" అన్నాడు. బట్టలారేసే నైలాను తాడు తెచ్చిచ్చాను. ఒక కొస నడుముకు కట్టుకున్నాడు. గ్రిల్లు తుప్పుపట్టిందని రెండో కొస నా చేతిలో పెట్టాడు. "గట్టిగా పట్టుకోండి తాతగారూ" అని గ్రిల్లు తలుపులోంచి బయటికి దిగాడు.

మిత్రులారా, నేను నిండు బకెట్టు ఎత్తలేని మనిషిని. అతను జారితే నేనేం ఆపగలను? తాడు వదిలేయాలి, లేదా అతనితో పాటు నేనూ వెళ్ళాలి. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా పట్టుకున్నాను.

పని సగంలో ఉండగా సన్‌షేడ్ అంచు పెచ్చూడి కింద స్కూటరు మీద పడింది. కుర్రాడు చప్పున ఏ.సి. పెట్టెనే పట్టుకున్నాడు. అది కదిలింది. బోల్టులు తుప్పుపట్టాయి. క్షణం సేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత అతను పని పూర్తిచేసుకునే లోపలికి వచ్చాడు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. "అలవాటే తాతగారూ" అన్నాడు.

మరి బెల్టు ఇవ్వరా అంటే, ఇవ్వరన్నాడు. చూసిన ఇంటికింత అని లెక్కట, నెల జీతం కాదు. దిగనని చెబితే ఇంటివారు ఫోనులో తక్కువ మార్కులు వేస్తారు, మర్నాడు కాల్స్ తగ్గుతాయి. అతని స్నేహితుడొకడు రెండో అంతస్తునుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడట. కాగితం మీద ఉద్యోగి కాడు గనుక పైసా రాలేదట.

సన్‌షేడ్ అంటే ఏమిటో ఎస్టిమేట్లు టైపు చేసిన నాకు తెలియకపోలేదు. సుమారు రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. ఎండా వానా ఆపడానికి వేసినది. దాని బలమంతా పైభాగాన వేసే కమ్మీల్లో ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు తాపీవాళ్ళ కాలు పడి ఆ కమ్మీలు కిందికి దిగితే ఆ బలం లేనట్టే. దానిమీద పాతిక ముప్పై కిలోల పెట్టె, ఆపైన అరవై కిలోల మనిషి!

పడిపోవడం ఒక్కటే కాదు. కరెంటు ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. నేలమీద షాకు కొడితే మనిషి వెనక్కి తూలుతాడు. సన్‌షేడ్ మీద వెనక్కి తూలితే? కొత్త ఏ.సి.లలో వాడే ఆర్-32 గ్యాసుకు కొంత మండే గుణం ఉంది. కొన్నిటిలో వాడే ఆర్-290 అయితే మన వంటగ్యాసులో ఉండే ప్రొపేనే. గొట్టం అతకాలంటే మంట వెలిగించాలి. ఒక చేత్తో గోడ పట్టుకుని చేసే పనేనా అది?

కింద నడిచేవారి మాటా చెప్పాలి. 2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్‌బాగ్‌లో పైనుంచి ఏ.సి. పెట్టె పడి, కింద స్కూటరు మీదున్న పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు చనిపోయాడు.

పిల్లల దగ్గరకు సింగపూర్ వెళ్ళివచ్చినవారు చూసే ఉంటారు, అక్కడి ఫ్లాట్లలో ఈ పెట్టెకు ప్రత్యేకంగా అరుగు కడతారు. శిక్షణ పొందినవారే బిగించాలని నిబంధన. మనకు ఆ అరుగు లేకపోయినా బాల్కనీ నేల ఉంది, మేడ ఉంది. మేడమీదైతే పిట్టగోడ అంచున కాక, చుట్టూ మనిషి తిరిగేలా లోపలికి పెట్టించాలి. గొట్టం పొడవు పెరిగితే డబ్బు పెరుగుతుంది, నిజమే. కంపెనీ చెప్పిన హద్దు దాటకపోతే చాలు. ఇప్పటికే సన్‌షేడ్ మీద ఉన్నవారు కుర్రాణ్ణి ఒంటరిగా దించకండి. ఇద్దరిని పంపమని, ఒంటికంతా వేసుకునే బెల్టు తెమ్మని ఫోను చేసినప్పుడే చెప్పండి. రెండు రోజులు ఆలస్యమైతే ఫ్యాను వేసుకుందాం. దిగనన్న కుర్రాడికి తక్కువ మార్కులు మాత్రం వేయకండి.

నేను ఆ నెలలోనే ఆరువేలు పెట్టి పెట్టెను బాల్కనీలోకి మార్పించాను. 2016లో గొట్టం మీద మిగిల్చినదానికి ఇది ఎన్నో రెట్లు. తులసికుండీ వంటింటి వైపుకు మారింది, మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ముందువైపు పెట్టె కనబడుతోందని సంఘం కార్యదర్శి నాకు నోటీసిచ్చారు. జవాబుగా, వెనకవైపు సన్‌షేడ్ల మీదున్న మిగతా తొమ్మిది పెట్టెలనూ మార్చాలని తీర్మానం రాసిచ్చాను. రెండుసార్లు "తదుపరి సమావేశమునకు వాయిదా" అని రాశారు. ఆ వాక్యం నా సర్వీసులో నేనెన్నిసార్లు రాశానో! వచ్చే ఆదివారం అది మళ్ళీ చర్చకు వస్తుంది. ఈసారి కూడా వాయిదా వేస్తే మినిట్స్ పుస్తకంలో సంతకం చేయనని చెప్పేశాను.

నాకిచ్చిన పది నిమిషాలు దాటినట్టున్నాయి, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.