కమానీ, బాల్ కమానీ
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం అయ్యవారిని. క్లాసులో తప్ప సభల్లో మాట్లాడే అలవాటు లేదు. కార్యదర్శిగారు "పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి సార్" అన్నారు. అందుకని జేబులో ఒక పాత హెచ్.ఎం.టి. జనతా గడియారం వేసుకొని వచ్చినాను. ఇది మా అబ్బాది. దీని లోపలి సామాను గురించీ, ఆ సామానుకు మనవాళ్లు పెట్టుకున్న పేర్ల గురించీ నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

తెలుగులో గడియారం అంటాము, ఉర్దూలో ఘడీ అంటాము. రెండూ ఒకే ముంతలో నుంచి పుట్టినాయి. పూర్వం అడుగున సన్నని బెజ్జం పెట్టిన రాగి గిన్నెను నీళ్లమీద వదిలేవారు. అది నిండి మునిగితే ఒక ఘటిక, అంటే 24 నిమిషాలు. రోజుకు 60 ఘటికలు. ఘటి అంటే చిన్న కుండ. ఆ కుండే ఘడియ అయింది, ఘడీ అయింది. 1206లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథంలో వర్ణించిన ఏనుగు గడియారం కడుపులో కూడా ఇట్లాంటి బెజ్జం గిన్నే ఉంది. ముల్లు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు చీలినాయి. తెలుగులో అది ముల్లు, ఉర్దూలో సూయీ, ఇంగ్లీషువాడికి చెయ్యి.

ఇక లోపలికి పోదాము. మనం కీ ఇచ్చినప్పుడు ఒక చిన్న డబ్బాలో చుట్టుకొని ఉన్న ఉక్కురేకు బిగుసుకుంటుంది. ఇంగ్లీషులో మెయిన్ స్ప్రింగు, రిపేరువాళ్ల మాటలో కమానీ. కమాన్ అంటే విల్లు గదా. వంచిన విల్లు తిరిగి సాగాలని చూస్తుంది. అడ్డం లేకపోతే ఆ బలమంతా క్షణాల్లో వృథాగా పోతుంది. దాన్ని రోజంతా కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టించడమే తక్కిన సామాను పని. ఇంటి ఖర్చు చూసే తల్లులకు ఇది నేను చెప్పనక్కర లేదు.

కమానీ బలం పళ్ల చక్రాల గుండా పోతుంది. వీటిని గరారీలు అంటారు. నడిమి చక్రం గంటకు ఒక చుట్టు. దాని తర్వాత రెండోది నిమిషానికి ఒక చుట్టు. చివరన ఉండేది ఎస్కేప్ వీలు, దానికి సాధారణంగా 15 పళ్లు. దాని ముందర రెండు కొమ్ముల ముక్క ఒకటి కాపలా కాస్తుంది. అది అటు ఊగితే ఒక పన్ను జారుతుంది, ఇటు ఊగితే ఆగుతుంది. మనం వినే టిక్కు టిక్కు ఆ పన్ను రాయికి తగిలిన చప్పుడే.

ఆ కాపలావాణ్ణి ఊపేది బ్యాలెన్సు చక్రం. దాని నడుమ వెంట్రుక లాంటి సన్నని చుట్ట ఉంటుంది. అదే బాల్ కమానీ. బాల్ అంటే వెంట్రుక. (మొన్న క్లాసులో ఈ మాట అంటే పిల్లలు బంతి అనుకున్నారు!) 1675లో హాలండు దేశపు హైగెన్స్ దీన్ని లోకానికి తెలియజేసినాడు. ఈ జనతాలో ఆ చక్రం సెకండుకు 5 మార్లు కొట్టుకుంటుంది. గంటకు 18,000. రోజుకు 4,32,000. ఆ ఊపు సమానంగా ఉన్నంతకాలం గడియారం మాట నిజం.

డయలు మీద "17 జ్యూయల్స్" అని ఉండేది గదా, మా చిచ్చా దాన్ని చూసి లోపల 17 కెంపులున్నాయని, అమ్మితే ఎకరా చేను వస్తుందని నమ్మేవాడు. కెంపులే గాని ఫ్యాక్టరీలో చేసిన కెంపులు. ఇరుసులు అరగకుండా పెట్టేవి. బ్యాలెన్సు చక్రానికి 5, కాపలా ముక్కకు 4, నాలుగు చక్రాలకు రెండేసి చొప్పున 8. కూడితే 17. చిచ్చాకు ఈ లెక్క చెప్తే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1991 రంజాన్. నాకు పదేళ్లు. అప్పుడు మేము ఉండే వీధి మసీదుకు దూరం. గాలి ఇటు తిరిగితేనే అజాన్ వినిపించేది. చుట్టూ గుట్టలు కాబట్టి పొద్దు నిజంగా కుంకకముందే కొండ వెనక్కి పోతుంది. అందుకని మా వీధిలో ఏడిళ్లవాళ్లు మా అబ్బా గడియారాన్ని నమ్మి రోజా విడిచేవారు. ఆయన రోజూ పొద్దున రేడియో వార్తలకు టైము సరిచేసుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం పనిమీద ఉండి గడియారం విప్పి రేడియో మీద పెట్టినాడు. సాయంత్రం టైము అయిందని కేక వేసినాడు. అందరమూ ఖర్జూరం నమిలి, నీళ్లు తాగి, గంజి గిన్నె చేతికి తీసుకున్నాము. అప్పుడు గాలిలో అజాన్ వినిపించింది. అమ్మ గిన్నె కింద పెట్టేసింది. అబ్బా గంజి ముట్టలేదు. చెప్పులేసుకొని ఏడిళ్లకూ పోయి, "తప్పు నా గడియారానిది, అంటే నాది. ఈ రోజాను మళ్లీ ఉండాల్సిందే" అని చెప్పి వచ్చినాడు. ఒక ముసలమ్మ ఏడ్చింది. ఆమెకు ఆ ఏడు ఒంట్లో బాగుండక, ఒక్కో రోజా కష్టం మీద ఉంటోంది.

మరుసటి వారం నన్ను వెంటబెట్టుకొని తిరుపతిలో ఒక రిపేరు షాపుకు పోయినాడు. పెద్దాయన కంటికి భూతద్దం పెట్టుకొని, గడియారం మీద చిన్న దిక్సూచి పెట్టినాడు. దాని ముల్లు గిలగిలా కొట్టుకుంది. "రేడియో మీద పెట్టినారా మియా?" అని అడిగినాడు. రేడియో స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. దాని గుణం పట్టి బాల్ కమానీ చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. అంటుకుంటే వెంట్రుక పొట్టిదైనట్లే. పొట్టి తాళ్ల ఉయ్యాల గబగబా ఊగినట్లు చక్రం తొందరపడింది. టైము దిద్దుకునే రేడియోనే టైమును చెడగొట్టింది! ఆయన కరెంటు పారే తీగచుట్టలో గడియారం పెట్టి మెల్లగా బయటికి లాగినాడు. రెండు నిమిషాల పని.

ఇంటికి వచ్చినాక అబ్బా మళ్లీ ఏడిళ్లకూ పోయి ఈ కథంతా చెప్పినాడు. చదువురాని ఆ వీధిలో చాలా ఏళ్లు అందరికీ బాల్ కమానీ అనే మాట తెలుసు.

ఇప్పుడు ఆ షాపులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన హెచ్.ఎం.టి. గడియారాల తయారీని మూసివేయాలని 2016లో కేంద్రం తీర్మానించింది. మన చేతులకున్నవి ఎక్కువగా క్వార్ట్జువి. 1969లో జపాను సీకో కంపెనీ మొదట అమ్మకానికి తెచ్చింది. అందులో బాల్ కమానీ లేదు, ఒక స్ఫటికం ముక్క సెకండుకు 32,768 మార్లు అదురుతుంది. ఆ అంకెను 15 మార్లు సగం చేస్తూ పొండి, ఒకటి మిగులుతుంది. అదే సెకండు. లెక్క చక్కనిదే, టైము కూడా మేలు. అయితే విప్పి పిల్లలకు చూపించడానికి ఏమీ ఉండదు.

కాబట్టి ఒక మనవి. మీ ఇళ్లల్లో బీరువా సొరుగుల్లో ఆగిపోయిన కీ గడియారాలు ఉంటాయి. పారేయకుండా మా బడికి ఇవ్వండి. మూత తీసే కత్తి, పట్టకారు, భూతద్దం ఈరోజు తెచ్చినాను. భోజనాలైనాక పిల్లలు ఆ మూలనున్న బల్ల దగ్గరికి రావచ్చు. వచ్చేటప్పుడు సెల్‌ఫోన్లు మాత్రం అమ్మానాయనల దగ్గర ఇచ్చి రండి. వాటి స్పీకర్లలో కూడా అయస్కాంతం ఉంటుంది.