వీధి ఊరిది, పడుగు మనది



నాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. సంఘం లెక్కలు రాయడం తప్ప ఉపన్యాసాలు నాకు రావు. బహిరంగ స్థలాల్లో మనం చేసుకునే పనులకు మునిసిపాలిటీ నియమాల గురించి చెప్పమన్నారు. వినడానికి చప్పగా ఉంటుంది గాని, మన కూడు దీంతో ముడిపడి ఉంది.

మగ్గం ఇంట్లో పడుతుంది. పడుగు పట్టదు. తెల్లారకముందే వీధిలో కర్రలు నిలబెట్టి, పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టెయ్యాలి. మా తాతల నాడు ఎవర్నీ అడిగింది లేదు. వీధంతా మనవాళ్లే కదా. ఇప్పుడు చాలా ఇళ్లలో మగ్గం లేదు, గుమ్మం ముందు బండి ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మా వీధిలో ఒక పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. ఆటో వచ్చింది గాని లోపలికి రాలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా మా పడుగే. మంచం మీద పడుకోబెట్టి సందు మొగ దాకా మోసుకెళ్లాం. దేవుడి దయ, ఆయన బతికారు. మర్నాడు వాళ్ల అబ్బాయి వచ్చి, "బాబాయ్, వీధి మీ ఒక్కరిదేనా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు.

ఆ వారమే సంఘంలో కూర్చొని మాకు మేమే రూలు పెట్టుకున్నాం. పడుగు వీధికి ఒక్క పక్కనే. ఆటో పట్టేంత దారి వదలాలి. పిల్లలు బడికి బయల్దేరే వేళకి ఖాళీ చెయ్యాలి. గంజినీళ్లు కాలవలో పొయ్యకూడదు. ఆ తీర్మానం కాపీ ఆఫీసులో ఇచ్చి, మా కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. అది పర్మిషన్ కాదని నాకు తెలుసు. కాని రేపెవరైనా ఫిర్యాదు పెడితే, మన మాట కూడా ఆ ఫైల్లో ఉంటుంది.

ఇక అమ్మకం సంగతి. ఒకసారి పండగ ముందు వేరే ఊరు వెళ్లి, ఫుట్‌పాత్ మీద తువ్వాళ్లు, చీరలు పరిచాం. ఊరి పేరు చెప్పను. మధ్యాహ్నం వ్యాను వచ్చింది, మూటలు ఎత్తుకుపోయారు. చీటీ ఇవ్వలేదు, మేం అడగనూ లేదు. నాలుగు రోజులు తిరిగితే కొన్ని దొరికాయి. తడిసి రంగు దిగిన చీరలు ఇంటికి తెచ్చుకున్నాం. అవి నేసిన ఆవిడకు ఏం చెప్పాలో తెలియలేదు.

తర్వాత మా కోడలు చట్టం తెచ్చి చదివి చెప్పింది. నా చదువు ఎనిమిదితో ఆగింది, అయినా అర్థమైంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారులే ఎన్నికై కూర్చోవాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు. సరుకు పట్టుకుంటే అక్కడికక్కడే జాబితా రాసి, సంతకం పెట్టి, కాపీ చేతికివ్వాలి. మనం అడిగాక, ఫీజు కడితే, బట్టల్లాంటి సరుకు రెండు పని దినాల్లో వదలాలి.

మా తప్పు కూడా ఉంది. సర్టిఫికెట్ లేదు, ఎవర్నీ అడక్కుండా కూర్చున్నాం. తెలియకపోవడం వల్ల పోయిన సరుకది. మీ పిల్లలు ఫోన్లో అన్నీ చూస్తారు, ఈ చట్టం కూడా చూడమనండి.

మూడోది మన పండగలు. మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర. అమ్మవారు దేశిబెహరా వీధిలో, మన నేతవాళ్ల మధ్యకే వస్తుంది. అంత జనానికి పందిరి, కరెంటు, పోలీసు, నీళ్లు అన్నీ ముందే ఆఫీసర్లతో కూర్చొని మాట్లాడుకుంటారు. అమ్మవారి పనికి ఇన్ని కాగితాలు రాయగలిగిన వాళ్లం, మన కూటి పనికి ఒక్క కాగితం రాయలేమా?

మైకు మాట కూడా చెప్తాను. 2000 నాటి రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు కూడదు. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు. మన కులదేవత ఊరేగింపైనా అంతే. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్ల మన పిల్లే అనుకోండి.

ఈ సమాఖ్యను నేను కోరేది ఒక్కటి. ప్రతి ఊరి సంఘంలో ఒక ఫైలు పెట్టండి. అర్జీ కాపీలు, రసీదులు, తీర్మానాలు అందులో ఉండాలి. సెక్రటరీ మారినా ఫైలు మారకూడదు. మనం తమిళనాడులో ఉన్నా, మహారాష్ట్రలో ఉన్నా, అర్జీ ఆ ఊరి భాషలో రాయించండి.

పోగు తెగితే ముడేస్తాం గాని పడుగంతా పారెయ్యం కదా. ఆఫీసుతోనైనా, పక్కింటివాళ్లతోనైనా అలాగే మెలుగుదాం.